మీ పంచాయతీకి కేంద్రం నుంచి రావాల్సింది ఎంత? ఆర్థిక సంఘం గ్రాంటు లెక్క కట్టి, జాడ తీసే పద్ధతి

కిందటి వానాకాలంలో ఒక వార్డు మెంబరు మా ఇంటికొచ్చారు. చేతిలో నాలుగు మడతలు పెట్టిన కాగితం, పంచాయతీ బ్యాంకు ఖాతా స్టేట్‌మెంటు. అందులో రెండు జమల కింద ఎర్ర పెన్నుతో గీత గీసి ఉంది. ఒకటి 1,64,700 రూపాయలు, రెండోది 2,47,050.

"అన్నా, ఈ డబ్బులు ఫలానా నాయకుడు హైదరాబాద్ వెళ్లి మాట్లాడితే వచ్చాయంటున్నారు. నిజమేనా?" అని అడిగారు.

రెండూ కలిపితే 4,11,750. మొదటిది అందులో సరిగ్గా 40 శాతం, రెండోది 60 శాతం. ఆ నిష్పత్తి చూడగానే అది ఏ డబ్బో తెలిసిపోయింది. 15వ ఆర్థిక సంఘం (కేంద్రం నుంచి రాష్ట్రాలకూ స్థానిక సంస్థలకూ ఎంత డబ్బు ఇవ్వాలో సిఫార్సు చేసే సంఘం) గ్రాంటు ఒక విడత అది. ఒకరు మాట్లాడితే వచ్చేదీ కాదు, మాట్లాడకపోతే ఆగేదీ కాదు. జనాభా, విస్తీర్ణం పెట్టి లెక్క కట్టిన వాటా. ఆ లెక్క ఎవరైనా కాగితం, పెన్సిలు పట్టుకుని కట్టుకోవచ్చు. ఎలా కట్టాలో, వచ్చిన డబ్బును ఎక్కడ చూడాలో, రాకపోతే ఎక్కడ ఆగిందో ఎలా కనుక్కోవాలో వరసగా చెబుతాను. (ఇక్కడి అంకెలు ఆ ఊరి అసలు అంకెలు కావు, కొంచెం మార్చాను. లెక్క పద్ధతి మాత్రం అదే.)

ఒక సంగతి ముందే చెప్పాలి. ఇందులోని శాతాలు, మొత్తాలు 15వ ఆర్థిక సంఘం కాలానివి, అంటే 2021-22 నుంచి 2025-26 వరకు. 2026 ఏప్రిల్ 1 నుంచి ఐదేళ్లు అరవింద్ పనగరియా అధ్యక్షతన ఏర్పడిన 16వ ఆర్థిక సంఘం కాలం. ఆ ఏళ్ల డబ్బు లెక్కించేటప్పుడు ఆ సంఘం శాతాలు తీసుకోండి. పాత ఏళ్ల ఖాతాలు, ఆడిట్లు తిరగేయాలంటే మాత్రం కింద ఉన్న అంకెలే కావాలి.

మొదటి పని: ఏ డబ్బో విడదీయండి

పంచాయతీకి చాలా దారుల్లో డబ్బు వస్తుంది. ఇంటి పన్ను, నల్లా పన్ను, లైసెన్సు ఫీజులు సొంత ఆదాయం. భూముల రిజిస్ట్రేషన్ల మీద స్టాంపు డ్యూటీ సర్‌చార్జి, ఇసుక, రాయి మీద సీనరేజి (తవ్వకాల రుసుము) రాష్ట్రం వసూలు చేసి ఇచ్చేవి. ఉపాధి హామీ, జల్ జీవన్ మిషన్, స్వచ్ఛ భారత్ పథకాల డబ్బుకు దేని నిబంధనలు దానికే ఉన్నాయి. ఆర్థిక సంఘం గ్రాంటు వీటిలో దేనికీ చెందదు.

దీని మూలం రాజ్యాంగంలోనే ఉంది. 73వ సవరణ 1993 ఏప్రిల్ 24న అమల్లోకి వచ్చింది. పంచాయతీల వనరులు పెంచడానికి ఏం చేయాలో కేంద్ర ఆర్థిక సంఘం సిఫార్సు చేయాలని 280వ అధికరణంలో ఆ సవరణతోనే చేర్చారు. అలా గ్రాంటు ఇచ్చిన మొదటిది 10వ ఆర్థిక సంఘం. 2015-20 కాలానికి మన వై.వి.రెడ్డి గారి అధ్యక్షతన పనిచేసిన 14వ సంఘం ఆ మొత్తాన్ని బాగా పెంచి, గ్రామీణ వాటా అంతా నేరుగా గ్రామ పంచాయతీలకే ఇవ్వమంది. మండల పరిషత్తుకూ జిల్లా పరిషత్తుకూ అందులో పైసా లేదు. ఎన్.కె.సింగ్ అధ్యక్షతన వచ్చిన 15వ సంఘం మళ్లీ మూడు అంచెలకూ పంచింది. "అప్పట్లో ఎక్కువ వచ్చేది, ఇప్పుడు తగ్గింది" అని పాత సర్పంచులు అంటుంటారు కదా, అందులో కొంత నిజం ఈ మార్పులోనే ఉంది.

డబ్బు దిగే మెట్లు

పై నుంచి కిందికి నాలుగు మెట్లు. ఒక్కో మెట్టు దగ్గర ఒక్కో శాతం. వీటిలో ఒక్కటి వదిలేసినా చివరి అంకె తప్పుతుంది.

మొదటి మెట్టు, దేశం మొత్తానికి. 2021-26కి స్థానిక సంస్థలన్నిటికీ కలిపి 4,36,361 కోట్లు. అందులో గ్రామీణ సంస్థలకు 2,36,805 కోట్లు, పట్టణ సంస్థలకు 1,21,055 కోట్లు. మిగిలిన దాంట్లో పెద్ద భాగం, 70,051 కోట్లు, ప్రాథమిక ఆరోగ్యానికి. మరో 8,000 కోట్లు కొత్త నగరాల కోసం, 450 కోట్లు పట్టణాల ఉమ్మడి సేవల కోసం పెట్టారు. గ్రామీణ మొత్తం ఏటా ఒకేలా ఉండదు. 2021-22లో 44,901 కోట్లు, తర్వాత వరసగా 46,513, 47,018, 49,800 కోట్లు, చివరి ఏడాది 2025-26కి 48,573 కోట్లు. చివర్లో కొంచెం తగ్గిందేమిటని కంగారు పడకండి. గ్రామీణ, పట్టణ నిష్పత్తిని మొదటి రెండేళ్లు 67:33, తర్వాతి రెండేళ్లు 66:34, చివరి ఏడాది 65:35గా పెట్టారు. ఆ ఏడాది గ్రామీణ, పట్టణ మొత్తం కలిపి కాస్త తగ్గడంతో పాటు, పట్టణాల వైపు జరిగిన ఆ కొంచెం కూడా ఇక్కడ తగ్గుదలగా కనిపిస్తోంది.

రెండో మెట్టు, రాష్ట్రాలకు. 2011 జనాభాకు 90 శాతం, భూవిస్తీర్ణానికి 10 శాతం బరువు. ఈ లెక్కన ఐదేళ్లకు గ్రామీణ వాటాగా ఆంధ్రప్రదేశ్‌కు 10,231 కోట్లు, తెలంగాణకు 7,201 కోట్లు కేటాయించారు.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగి తలసరి లెక్క చూద్దాం, తర్వాత పనికొస్తుంది. 2011లో ఆంధ్రప్రదేశ్ గ్రామీణ జనాభా సుమారు మూడున్నర కోట్లు. 10,231ని ఐదుతో భాగించి, మళ్లీ మూడున్నరతో భాగిస్తే ఏడాదికి మనిషికి దాదాపు 585 రూపాయలు. తెలంగాణ పల్లెల్లో అప్పుడు 2.14 కోట్ల మంది. అక్కడ దాదాపు 670. తెలంగాణకు ఎందుకెక్కువ? రాష్ట్రంలో ఎంతమంది పట్నాల్లో ఉన్నారన్నది చూడకుండా గ్రామీణ, పట్టణ నిష్పత్తిని అన్ని రాష్ట్రాలకూ ఒకేలా పెట్టారు. హైదరాబాద్ వల్ల తెలంగాణలో పట్టణ జనాభా ఎక్కువ. కాబట్టి పల్లెల పేరు మీద వచ్చిన డబ్బు తక్కువ మందికి పంచుకోవాల్సి వచ్చి, తలకు ఎక్కువ పడింది.

మూడో మెట్టు, మూడు అంచెలకు. గ్రామ పంచాయతీకి 70 నుంచి 85 శాతం, మండల పరిషత్తుకు 10 నుంచి 25, జిల్లా పరిషత్తుకు 5 నుంచి 15. ఈ హద్దులు దాటకుండా ఎవరికి ఎంతన్నది రాష్ట్ర ఆర్థిక సంఘం సిఫార్సు ప్రకారం ఉండాలి. అది లేకపోతే రాష్ట్ర ప్రభుత్వం నిర్ణయిస్తుంది. మీ రాష్ట్రంలో ఆ ఏడాది ఏ శాతం పెట్టారో పంచాయతీరాజ్ శాఖ జీవోలో ఉంటుంది. కార్యదర్శి దగ్గర గానీ మండల ఆఫీసులో గానీ ఆ జీవో కాపీ అడగండి. ఊరికొచ్చే డబ్బును అన్నిటికన్నా ఎక్కువ ప్రభావితం చేసేది ఈ ఒక్క శాతమే. 85 అయితే తెలంగాణ పంచాయతీకి తలకు 570 దాకా వస్తుంది, 70 అయితే 470 దగ్గర ఆగిపోతుంది. రెండు వేల జనాభా ఉన్న ఊరికి ఏడాదికి 2 లక్షల తేడా.

నాలుగో మెట్టు: మీ ఊరి లెక్క

రాష్ట్రంలోని గ్రామ పంచాయతీలన్నిటికీ కలిపిన మొత్తాన్ని మళ్లీ 90:10 సూత్రంతో, లేదా ఆమోదించిన రాష్ట్ర ఆర్థిక సంఘం సిఫార్సు ప్రకారం ఒక్కో పంచాయతీకి పంచుతారు. నిజానికి ఈ లెక్క రాష్ట్రం మొత్తానికి ఒకేసారి జరుగుతుంది. అర్థం కావడానికి ఒక చిన్న మండలాన్ని ఊహించుకుందాం.

ఆ మండలంలోని పంచాయతీలన్నిటికీ కలిపి ఏడాదికి 1,35,00,000 రూపాయలు వచ్చాయనుకోండి. మండలం మొత్తం జనాభా 30,000, విస్తీర్ణం 150 చదరపు కిలోమీటర్లు.

90 శాతం అంటే 1,21,50,000. దీన్ని 30,000తో భాగిస్తే మనిషికి 405 రూపాయలు. 10 శాతం అంటే 13,50,000. దీన్ని 150తో భాగిస్తే చదరపు కిలోమీటరుకు 9,000 రూపాయలు. ఈ రెండు రేట్లు దొరికితే పని సగం అయిపోయినట్టే.

రోడ్డు పక్కన పెద్ద ఊరు ఒకటి: జనాభా 4,000, విస్తీర్ణం 8 చదరపు కిలోమీటర్లు. జనాభాకు 16,20,000, విస్తీర్ణానికి 72,000, మొత్తం 16,92,000. గుట్టల కింద విడివిడిగా తండాలున్న పంచాయతీ ఇంకొకటి: జనాభా 1,500, విస్తీర్ణం 24 చదరపు కిలోమీటర్లు. జనాభాకు 6,07,500, విస్తీర్ణానికి 2,16,000, మొత్తం 8,23,500. తలసరి చూస్తే పెద్ద ఊరికి 423, తండాల పంచాయతీకి 549. ఇళ్లు దూరదూరంగా ఉంటే పైపులైను పొడవు పెరుగుతుంది, చెత్త బండి ఎక్కువ తిరగాలి. విస్తీర్ణానికి ఆ 10 శాతం పెట్టింది అందుకే. నన్నడిగితే అది ఇంకొంచెం ఎక్కువ ఉండాల్సింది. కొండ ఊళ్లలో ఒక కుళాయి పెట్టడానికి అయ్యే ఖర్చు చూసినవాళ్లెవరైనా ఇదే మాటంటారు.

మా ఇంటికొచ్చిన వార్డు మెంబరుది ఆ రెండో రకం ఊరు. 8,23,500లో సగం 4,11,750. ఆవిడ ఎర్ర గీత గీసిన రెండు జమల మొత్తం అదే.

మీ ఊరికి ఈ లెక్క కట్టేటప్పుడు తప్పు జరిగే చోటు ఒకటుంది. జనాభా అంటే ఇప్పటి జనాభా కాదు, 2011 లెక్కల్లో ఉన్నది. ఓటరు జాబితా, రేషన్ కార్డులు, ఇంటింటి సర్వే దీనికి పనికిరావు. తెలంగాణలో 2018లో 4,383 కొత్త పంచాయతీలు ఏర్పడి మొత్తం 12,751 అయ్యాయి. ఆ కొత్తవాటికి 2011 జనగణనలో విడిగా పేరే లేదు, వాటి జనం పాత ఊరి పేరు కిందే ఉన్నారు. పంచాయతీ విడిపోయినప్పుడు జనాభాను, విస్తీర్ణాన్ని కూడా విడదీసి రికార్డు చేయాలి. ఒక తండా పంచాయతీలో ఈ విడదీత సరిగ్గా జరగలేదు. ఆరు వందల మందికి పైగా పాత ఊరి లెక్కలోనే మిగిలిపోయారు. ఏళ్ల తరబడి వాళ్ల వాటా పక్క ఊరి ఖాతాలో పడుతూ వచ్చింది. పక్క ఊరివాళ్లకూ ఆ సంగతి తెలియదు. మీది కొత్త పంచాయతీ అయితే, గ్రాంటు కేటాయింపు పట్టికలో మీ ఊరి పేరు ఎదురుగా ఎంత జనాభా వేశారో అన్నిటికన్నా ముందు చూడండి.

టైడ్, అన్‌టైడ్

వచ్చిన డబ్బంతా మన ఇష్టం కాదు. 60 శాతం టైడ్, అంటే పని పేరు ముందే రాసి పంపిన డబ్బు. అందులో సగం, మొత్తంలో 30 శాతం, తాగునీటికి: నీటి సరఫరా, వాననీటి నిల్వ, వాడిన నీటిని శుద్ధి చేసి మళ్లీ వాడుకోవడం. మిగతా 30 శాతం పారిశుద్ధ్యానికి, బహిరంగ మలవిసర్జన లేని గ్రామం అన్న స్థాయి నిలుపుకోవడానికి. రెండింటిలో ఒక దాని అవసరాలు పూర్తిగా తీరిపోతే ఆ డబ్బు రెండోదానికి వాడొచ్చు. 2020-21 ఒక్క ఏడాదికీ ఈ నిష్పత్తి 50:50 ఉండేది, పాత ఖాతాలు చూసేవాళ్లు గుర్తుపెట్టుకోండి.

మిగిలిన 40 శాతం అన్‌టైడ్. కాగితాల్లో దీన్ని బేసిక్ గ్రాంటు అని కూడా రాస్తారు. వీధి దీపాలు, సిమెంటు రోడ్డు, శ్మశానవాటిక దారి, ఊరికి ఏది అవసరమైతే దానికి. జీతాలకూ ఆఫీసు నిర్వహణకూ మాత్రం ముట్టుకోకూడదు.

మన పెద్ద ఊరి 16,92,000ని ఇలా విడగొడితే తాగునీటికి 5,07,600, పారిశుద్ధ్యానికి 5,07,600, అన్‌టైడ్ 6,76,800. ఏడాదికి రెండు విడతలు, జూన్‌లో ఒకటి, అక్టోబర్‌లో ఒకటి ఇవ్వాలన్నది సంఘం మాట. టైడ్, అన్‌టైడ్ మంజూరు ఉత్తర్వులు విడివిడిగా వస్తాయి. కాబట్టి స్టేట్‌మెంటులో ఏడాదికి నాలుగు జమలు వెతకాలి. రెండే చూసి "సగమే వచ్చింది" అనో, నాలుగూ చూసి "రెండింతలు వచ్చింది" అనో అనుకునేవాళ్లు చాలామంది ఉన్నారు. చెప్పిన నెలలోనే పడతాయన్న నమ్మకం కూడా లేదు. జూన్ విడత మరుసటి ఏడాది పడ్డ సందర్భాలున్నాయి. అందుకే జమ పడ్డ తేదీతో పాటు అది ఏ ఏడాదిది, ఏ విడతది అన్నది మంజూరు ఉత్తర్వులో చూసి పక్కన రాసుకోండి.

ఇప్పుడు ఫోన్ తీయండి

ఈ గ్రాంటు ఖర్చంతా ఈగ్రామ్‌స్వరాజ్ పోర్టల్‌లో నమోదు కావాలి. 2020 ఏప్రిల్ 24న మొదలైన ఈ పోర్టల్ చూడటానికి లాగిన్ అక్కర్లేదు. ఆర్థిక సంవత్సరం, రాష్ట్రం, జిల్లా, మండలం, పంచాయతీ ఎంచుకుంటే మీ ఊరి పేజీ తెరుచుకుంటుంది. 'మేరీ పంచాయత్' యాప్‌లోనూ ఈ వివరాలు చూడొచ్చు. ఒకే పేరున్న ఊళ్లు చాలా ఉంటాయి. పక్కనున్న కోడ్ నంబరు చూసి మీదేనని తేల్చుకోండి.

అక్కడ మూడు చూడండి. మొదటిది ఆ ఏడాది గ్రామ పంచాయతీ అభివృద్ధి ప్రణాళిక, అందరూ జీపీడీపీ అనేది. ఏ పని, ఏ నిధి నుంచి, ఎంత అంచనా అన్నది అందులో ఉంటుంది. రెండోది రాబడి. మీరు కట్టిన లెక్కతో దాన్ని పోల్చండి. మూడోది ఖర్చు, వోచర్లతో సహా.

ప్రణాళికకూ వోచర్లకూ మధ్య తేడా దగ్గరే ఎక్కువ సేపు కూర్చోండి. ఒకసారి ఒక పంచాయతీ వోచర్లు వరసగా చదువుతుంటే "పారిశుద్ధ్య సామగ్రి కొనుగోలు" అని మూడు నెలల్లో మూడు ఎంట్రీలు కనిపించాయి. మూడూ ఒకే దుకాణానికి, మూడూ 50 వేలకు కొన్ని వందలు తక్కువ. ఊళ్లో పారిశుద్ధ్య కార్మికురాలిని అడిగితే, ఈ ఏడాది తనకు కొత్తగా వచ్చింది రెండు చీపుర్లు, ఒక జత గ్లౌజులు అని చెప్పింది. పంచాయతీ ఆఫీసులో స్టాకు రిజిస్టరు తెరిపించాం. బ్లీచింగ్ బస్తాలు వచ్చినట్టు గానీ ఖర్చయినట్టు గానీ ఒక్క ఎంట్రీ లేదు. ఆ డబ్బుతో నిజానికి వీధి దీపాలు కొన్నారని తర్వాత తేలింది. దీపాలు వెలుగుతున్నాయి, ఎవరూ జేబులో వేసుకోలేదు. అయినా అది తప్పే. దీపాలకు అన్‌టైడ్ ఉంది. టైడ్ డబ్బు దీపాలకు పోయినందువల్ల ఎస్సీ కాలనీ మురుగు కాలువ పూడిక ఆ ఏడాది తీయలేదు. వర్షాకాలంలో అక్కడ ఇంటికొకరు చొప్పున జ్వరాలతో పడుకున్నారు. నిధి పేరు మారితే దాని బరువు ఎవరి మీద పడుతుందో ఆ కాలనీకి వెళ్తేనే కనపడుతుంది.

అందుకని వోచర్‌ను వోచర్‌గా వదిలేయకండి. పని అయితే ఎం-బుక్‌లో (ఇంజినీరు పని కొలతలు రాసే పుస్తకం) కొలతలు, సామాను అయితే స్టాకు రిజిస్టరు, డబ్బు అయితే క్యాష్ బుక్. మూడింటిలో సంబంధించిన దానితో తేదీ, మొత్తం సరిపోవాలి.

రాలేదంటే, ఎక్కడ ఆగింది?

"పైనుంచి రాలేదు" అన్న మాటతో వెనక్కి రాకండి. ఆగడానికి కారణాలు లెక్కపెట్టదగినన్నే ఉన్నాయి. ఒక్కొక్కటీ అడిగి కొట్టేసుకుంటూ వెళ్లండి.

ఎన్నికైన పాలకవర్గం ఉందా? లేకపోతే గ్రాంటు రాదు. తెలంగాణలో సర్పంచుల పదవీకాలం 2024 జనవరి ఆఖరుతో ముగిసి, ప్రత్యేకాధికారుల పాలన వచ్చింది. ఎన్నికలు జరగక కేంద్రం గ్రాంటు ఆగిపోయింది. ట్రాక్టర్ డీజిల్‌కు కూడా కార్యదర్శులు అప్పు చేయాల్సి వచ్చిన రోజులవి. ఎన్నిక వాయిదా పడితే ఊరికి నాయకుడు లేకపోవడం ఒక్కటే నష్టం కాదు, తలకు నాలుగైదు వందల చొప్పున ఏటా రావాల్సిన డబ్బూ ఆగుతుంది.

లెక్కలు ఆన్‌లైన్‌లో ఉన్నాయా? కిందటి ఏడాది తాత్కాలిక ఖాతాలు, దాని ముందటేడాది ఆడిట్ అయిన ఖాతాలు ప్రజలకు కనిపించేలా పెట్టాలి. మొదటి రెండేళ్లు రాష్ట్రంలో 25 శాతం సంస్థలు పెడితే సరిపోయేది. 2023-24 నుంచి ఏ పంచాయతీ పెడితే దానికే గ్రాంటు. పక్క ఊరికి పడి మీకు పడలేదంటే ముందుగా అనుమానించాల్సింది దీన్నే. ఆడిట్‌ఆన్‌లైన్ పోర్టల్‌లో మీ పంచాయతీ నివేదిక ఉందో లేదో చూడండి.

రాష్ట్రం తన పని చేసిందా? 243-ఐ అధికరణం ప్రకారం ప్రతి ఐదేళ్లకూ రాష్ట్ర ఆర్థిక సంఘం వేయాలి. దాని సిఫార్సులపై ఏ చర్య తీసుకున్నారో 2024 మార్చి లోపు శాసనసభ ముందు పెట్టాలని 15వ సంఘం షరతు విధించింది. ముందు విడత డబ్బు స్థానిక సంస్థలకు చేరిందని రాష్ట్రం బదిలీ ధ్రువపత్రం పంపితేనే తర్వాతి విడత కదులుతుంది. ఇది మీ కార్యదర్శి చేతిలో లేని విషయం, ఆయన మీద కోప్పడి లాభం లేదు.

రాష్ట్రానికి వచ్చాక ఆగిందా? కేంద్రం నుంచి డబ్బు అందిన 10 పని దినాల్లో రాష్ట్రం దాన్ని స్థానిక సంస్థలకు బదిలీ చేయాలి. దాటితే ఆలస్యమైన రోజులకు వడ్డీ కలిపి ఇవ్వాలి. ఈ నిబంధన చాలామంది సర్పంచులకే తెలియదు. కేంద్ర ఆర్థిక శాఖ మంజూరు ఉత్తర్వు తేదీ ఒక వైపు, మీ ఖాతాలో జమ తేదీ ఇంకో వైపు రాసి, మధ్యలో పని దినాలు లెక్కపెట్టండి. పదికి మించితే వడ్డీ అడగడం మీ పంచాయతీ హక్కు. పాలకవర్గం తీర్మానం చేసి జిల్లా పంచాయతీ అధికారికి పంపండి.

ఖాతాలో పడ్డా ఖర్చు కావడం లేదా? అప్పుడు ప్రణాళిక అప్‌లోడ్ అయిందా, సర్పంచ్ మారాక డిజిటల్ సంతకం కీ కొత్తవారి పేరు మీదికి మారిందా అని చూడాలి. చెల్లింపులు పీఎఫ్‌ఎంఎస్ (ప్రభుత్వ నిధుల చెల్లింపు వ్యవస్థ) ద్వారా ఆన్‌లైన్‌లోనే జరుగుతాయి. కీ లేకపోతే డబ్బు ఉన్నా కదలదు. కొత్త సర్పంచులు మొదటి నెలలోనే పూర్తి చేసుకోవాల్సిన పని ఇది.

మీది మున్సిపాలిటీ అయితే

పద్ధతి ఇదే, అంకెలు వేరు. 1,21,055 కోట్ల పట్టణ వాటాలో 38,196 కోట్లు పది లక్షలు దాటిన నగర ప్రాంతాలకు, 82,859 కోట్లు మిగతా పట్టణాలకు. మన దగ్గర హైదరాబాద్, విశాఖపట్నం, విజయవాడ మొదటి కోవలోకి వస్తాయి. వాటి డబ్బులో మూడో వంతు గాలి నాణ్యత మెరుగుదలతో ముడిపడి ఉంటుంది, మిగతా రెండు వంతులు తాగునీరు, పారిశుద్ధ్యం, చెత్త నిర్వహణతో. చిన్న పట్టణాలకు పల్లెల మాదిరే 40:60. పట్టణాలకు ఇంకో షరతు ఉంది: ఆస్తి పన్నుకు కనీస రేట్లు ఖరారు చేయాలి, వసూళ్లు రాష్ట్ర ఆర్థిక వృద్ధితో పాటు పెరగాలి. మీ ఇంటి పన్ను పెరిగినప్పుడు దాని వెనక ఇది కూడా ఉండొచ్చు.

అడగడం ఎలా

గ్రామసభలో నోటితో అడగండి, కానీ అంకెతో అడగండి. "మా ఊరికి ఎన్ని డబ్బులొచ్చాయి?" అంటే "వచ్చినకాడికి ఖర్చు చేశాం" అంటారు. "2024-25 రెండో విడత టైడ్ గ్రాంటులో తాగునీటి వాటా ఎంత, ఏ వోచర్ మీద ఖర్చయింది?" అంటే రిజిస్టరు తెరవాల్సిందే. అడిగినట్టు మినిట్స్‌లో రాయించండి.

అక్కడ జవాబు రాకపోతే సమాచార హక్కు దరఖాస్తు. రెండు రాష్ట్రాల్లోనూ గ్రామ స్థాయి కార్యాలయానికి దరఖాస్తు ఫీజు లేదు, మండల స్థాయికి 5 రూపాయలు, ఆ పైన 10. తెల్ల కాగితం మీద చేత్తో రాసినా చాలు. నేను రాసి ఇచ్చేవాటిలో ఉండే ప్రశ్నలివి:

1. 15వ ఆర్థిక సంఘం గ్రాంటు కేటాయింపులో మా పంచాయతీకి తీసుకున్న 2011 జనాభా, విస్తీర్ణం ఎంత? ఆ పట్టిక ప్రతి ఇవ్వండి.
2. ఫలానా ఏడాది ప్రతి విడతలో జమైన టైడ్, అన్‌టైడ్ మొత్తాలు, జమ తేదీలు, మంజూరు ఉత్తర్వు ప్రతులు ఇవ్వండి.
3. ఆలస్యమైన విడతలపై వడ్డీ జమైందా? అయితే ఎంత, ఏ తేదీన?
4. ఆ ఏడాది ఈ నిధులతో చేసిన పనుల జాబితా, వోచర్లు, ఎం-బుక్ ప్రతులు ఇవ్వండి.
5. ఆడిట్ అభ్యంతరాలు, వాటికి పంచాయతీ ఇచ్చిన జవాబుల ప్రతులు ఇవ్వండి.

ఎందుకు కావాలో రాయకండి, చట్టం అడగదు. అక్నాలెడ్జ్‌మెంట్ తీసుకోండి. 30 రోజుల్లో జవాబు రాకపోతే, వచ్చినా అరకొరగా ఉంటే, తర్వాతి 30 రోజుల్లో మొదటి అప్పీలు వేయండి.

కాగితాలు చేతికొచ్చాక మొదట తేదీలు వరసగా పేర్చండి, తర్వాత మొత్తాలు. ఆ వార్డు మెంబరు చేసింది ఇదే. ఒక లాంగ్ నోట్‌బుక్‌లో ఎడమ పేజీలో రావాల్సినవి, కుడి పేజీలో వచ్చినవి రాసుకున్నారు. రెండు విడతలు సరిపోయాయి. మూడో దాని ఎదురుగా కుడి పేజీ ఖాళీగా ఉంది. తర్వాతి గ్రామసభకు ఆ నోట్‌బుక్కే పట్టుకెళ్లారు.